పచ్చ తివాచీ కింద ఒక చెరువు

కృత్రిమ పచ్చిక పరిచిన ఫుట్‌బాల్ మైదానానికి ఫిఫా నాణ్యతా ధ్రువపత్రం రావాలంటే వాన నీటి విషయంలో ఒక పరీక్ష నెగ్గాలి. పచ్చిక మీద పోసిన నీళ్లు గంటకు కనీసం 180 మిల్లీమీటర్ల వేగంతో కిందికి దిగిపోవాలి. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే మన వాతావరణ శాఖ లెక్కల పక్కన పెట్టి చూడాలి. రోజంతా కలిపి ఆరున్నర సెంటీమీటర్ల వాన పడితే అది భారీ వర్షం. ఒక్క గంటలోనే 100 మిల్లీమీటర్లు, అంటే పది సెంటీమీటర్లు కురిస్తే దాన్ని క్లౌడ్‌బరస్ట్ అంటారు. ఆ లెక్కన ఫిఫా పరీక్ష నెగ్గిన పచ్చిక మేఘం బద్దలై కురిసిన వానను కూడా దాదాపు రెండింతల వేగంతో మింగేయాలి. అయినా గంటసేపు గట్టి వాన పడితే మన నగరాల్లో టర్ఫ్ గ్రౌండ్ల మీద నీళ్లు నిలుస్తూనే ఉన్నాయి. అతుకుల దగ్గర తివాచీ ఉబ్బుతుంది. రబ్బరు గుళికలు వేసిన చోట అవి తేలి వచ్చి కంచె వారగా నల్లగా మేటలు వేస్తాయి. కారణం ఆ 180 అంకె చెప్పని చోట ఉంది. టర్ఫ్ గ్రౌండ్ వానకు తట్టుకుంటుందా లేదా అన్నది తివాచీ నీళ్లను ఎంత వేగంగా వదులుతుందన్నదాన్ని బట్టి తేలదు. దాని కింద ఉన్న కంకర ఎన్ని నీళ్లు పట్టుకోగలదు, పట్టుకున్న నీళ్లను తరవాత ఎటు, ఎంత నెమ్మదిగా పంపుతుంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. కొనేవాళ్లు అడిగేది మొదటిది, అమ్మేవాళ్లు చెప్పేదీ మొదటిదే. రెండోదాని గురించి ఎవరూ అడగరు, ఎందుకంటే అది మట్టిలో పూడ్చిపెట్టిన పని.

ఈ పచ్చిక పుట్టుక చూస్తే ఆ నిర్లక్ష్యం ఎక్కడ మొదలైందో కొంత అర్థమవుతుంది. 1964లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక పాఠశాల క్రీడాభవనంలో దీన్ని మొదట పరిచారు. పేరు మాత్రం 1966లో హ్యూస్టన్ నగరపు ఆస్ట్రోడోమ్‌తో వచ్చింది. అది పైకప్పు ఉన్న స్టేడియం. ఎండ సరిగా సోకక అసలు గడ్డి చచ్చిపోతే దాని స్థానంలో నైలాన్ పచ్చిక పరిచారు, ఆస్ట్రోటర్ఫ్ అనే పేరు అప్పుడే స్థిరపడింది. ఆ రెండు చోట్లా నెత్తిన వాన పడే ప్రసక్తే లేదు. ఆరుబయటికి వచ్చాకే దానికి నీళ్ల సమస్య ఎదురైంది. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్ హాకీ కృత్రిమ పచ్చిక మీదికి మారింది. హాకీ టర్ఫ్‌ను ఆటకు ముందు తడుపుతారు కాబట్టి, ఆ మైదానాలు కట్టేవాళ్లు నీళ్లు ఎటు పోవాలన్నది మొదటి నుంచీ ఆలోచించక తప్పలేదు. ఇటీవలి సంవత్సరాల్లో హైదరాబాద్ నుంచి విశాఖపట్నం దాకా పుట్టుకొచ్చిన బాక్స్ క్రికెట్ టర్ఫ్‌ల కథ వేరు. లీజుకు తీసుకున్న ఖాళీ స్థలం, చుట్టూ వల, నాలుగు మూలలా ఫ్లడ్‌లైట్లు, గంటకింత అద్దె. పెట్టుబడి అంతా కంటికి కనబడేదాని మీదే పోతుంది. నేల చదును చేసి, రోలర్ తిప్పి, కొన్నిచోట్ల కాంక్రీటు పోసి, పైన తివాచీ అతికించేస్తారు.

తివాచీని ఒకసారి తిరగేసి చూస్తే చాలా విషయం తెలుస్తుంది. పైవైపు ప్లాస్టిక్ పోగులు, ఫుట్‌బాల్‌కైతే 40 నుంచి 60 మిల్లీమీటర్ల పొడవు. పోగుల మధ్య సన్నటి సిలికా ఇసుక, చాలా మైదానాల్లో దాని మీద పాత టైర్లను నలగ్గొట్టిన రబ్బరు గుళికలు. వెనకవైపు ఆ పోగులను కుట్టిన గుడ్డ, అవి ఊడిరాకుండా దాని మీద పూసిన లేటెక్స్ లేదా పాలియురేతేన్ పూత. ఈ పూత చుక్క నీటిని కూడా వదలదు. అందుకే ఫ్యాక్టరీలో దానికి రంధ్రాలు పొడుస్తారు. పెన్సిల్ కన్నా కాస్త సన్నటి రంధ్రాలు, సుమారు బెత్తెడు దూరానికి ఒకటి. మైదానం మీద పడిన వానంతా ఈ రంధ్రాల్లోంచే దిగాలి. పట్టీలు పక్కపక్కన పరిచి జిగురుతో అతికించే చోట ఆ వరసలో రంధ్రాలు మూసుకుపోతాయి, కాబట్టి వాన వెలిశాక తడి గీతలు ముందుగా కనబడేది అతుకుల వెంటే. తివాచీ కింద, పద్ధతిగా కట్టిన మైదానంలో, పైన సన్న చిప్స్, దాని కింద పెద్ద కంకర, ఆ కింద మట్టి పైకి రాకుండా ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని కింద గట్టిగా దిమ్మిస చేసిన నేల ఉంటాయి. కంకరలో అక్కడక్కడా కాలువలు తీసి చిల్లుల పైపులు పరుస్తారు. అవన్నీ అంచున ఉన్న పెద్ద పైపులోకి, అది బయటి కాలువలోకి కలుస్తాయి.

ఇప్పుడు ఈ ఏర్పాటు మీద ఎంత బరువు పడుతుందో లెక్క వేద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే 7,140 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే, ఆ ఒక్క మైదానం మీద పడిన నీళ్లు మూడు లక్షల 57 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల వాటర్ ట్యాంకర్లు 71 వరసగా వచ్చి ఒక్క గంటలో అక్కడ ఖాళీ చేసినట్టు. సెకనుకు దాదాపు వంద లీటర్లు. బాక్స్ క్రికెట్ టర్ఫ్ చాలా చిన్నది. నూరడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పు అనుకున్నా, అదే వానకు దాని మీద పడేది 28 వేల లీటర్లు. ఖాళీ స్థలంగా ఉన్నప్పుడు ఇందులో ఎంతో కొంత మట్టిలోకి ఇంకేది, కొంత గుంటల్లో నిలిచేది, మిగిలింది నింపాదిగా వీధిలోకి పోయేది. కాంక్రీటు మీద టర్ఫ్ వేశాక 28 వేల లీటర్లూ ఒకేసారి గేటు వైపు పరుగెడతాయి.

కంకర ఉంటే నీళ్లు దిగిపోతాయి కదా, ఇక ఇబ్బంది ఏమిటని అడగవచ్చు. దిగడం, బయటికి పోవడం రెండూ ఒకటి కావు. ఫ్రాన్స్‌లోని దిజోన్ నగరానికి మంచినీటి వ్యవస్థ కట్టిన ఇంజినీరు హెన్రీ డార్సీ, ఇసుక గుండా నీరు ఎంత వేగంగా పోతుందో ప్రయోగాలు చేసి 1856లో ప్రచురించాడు. ఆయన తేల్చింది చాలా సరళమైన సూత్రం. ప్రవాహం మూడింటి మీద ఆధారపడుతుంది: ఇసుక లేదా కంకర నీటిని వదిలే గుణం, నీరు పోయే దారి వైశాల్యం, నీటిని ముందుకు నెట్టే వాలు. నేరుగా కిందికి పడే నీటికి వాలు నిండుగా ఉంటుంది, దాన్ని ఒకటి అనుకుందాం. పక్కకు పోయే నీటికి ఉండేది మైదానం అడుగుకు ఇచ్చే అర శాతం వాలు మాత్రమే. అంటే రెండు వందల రెట్లు తక్కువ. అక్కడితో అయిపోలేదు. కిందికి దిగే నీటికి మైదానమంతా దారే. పక్కకు పోయే నీటికి దారి కంకర మందం ఒక్కటే. మధ్య నుంచి అంచుదాకా 34 మీటర్ల నేల మీద పడిన నీళ్లు 15 సెంటీమీటర్ల మందం ఉన్న కంకర లోంచి పోవాలి. ఇది మరో రెండు వందల పైచిలుకు రెట్లు. రెండూ గుణిస్తే, ఒకే కంకర కిందికి వదిలే నీటికీ పక్కకు పంపగలిగే నీటికీ మధ్య తేడా దాదాపు 45 వేల రెట్లు. కంకరలో నీళ్లు పెరిగి మధ్యలో ఎత్తుగా నిలిచినప్పుడు వాలు కొంత పెరుగుతుంది, తేడా కొంత తగ్గుతుంది. అయినా లెక్క తిరగబడదు. చిల్లుల పైపులు దగ్గర దగ్గరగా వేయమని ఇంజినీర్లు పట్టుబట్టేది ఇందుకే. ఆరు మీటర్లకు ఒక పైపు ఉంటే నీటి చుక్క కంకరలో నడవాల్సిన దూరం 34 మీటర్ల నుంచి మూడు మీటర్లకు తగ్గుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి పైపులు తీసేసి, చుట్టూ ఒక డ్రెయిన్ వేస్తే చాలని చెప్పే కాంట్రాక్టరు మాట ఈ లెక్క ముందు నిలవదు.

ఈ కోణంలోంచి చూస్తే 180 మిల్లీమీటర్ల పరీక్షలో ఉన్న లోటు కూడా బయటపడుతుంది. పరీక్ష చేసే పద్ధతి ఇది: తివాచీ మీద ఒక లోహపు రింగు పెట్టి, అంచుల్లోంచి కారకుండా బిగించి, నీళ్లు పోసి, మట్టం ఎంతసేపట్లో ఎంత తగ్గిందో చూస్తారు. రింగు కింద ఉన్న కంకర పొడిగా ఉంటుంది. చుట్టూ మైదానమంతా ఖాళీగా ఉంటుంది. దిగిన నీళ్లు నాలుగు వైపులా పరుచుకుంటాయి, మట్టం చకచకా పడిపోతుంది. నిజంగా వాన పడేటప్పుడు రింగు బయట అంటూ ఏదీ ఉండదు. ప్రతి అడుగులోనూ అంతే నీళ్లు దిగుతుంటాయి, పక్కన ఖాళీ ఉండదు, కంకర అడుగు నుంచి నిండుతూ వస్తుంది. నిండిన నీరు తివాచీ దాకా వచ్చిందంటే ఆ తరవాత రంధ్రాల వేగం సున్నాతో సమానం. పరీక్ష తప్పని నేను అనడం లేదు. తివాచీ నాణ్యత, పైన వేసిన ఇసుక గుణం తేల్చడానికి అది పనికొస్తుంది. మైదానం వానకు నిలబడుతుందా అన్న ప్రశ్నకు దాన్నే జవాబుగా చూపించడం మాత్రం తప్పు.

ఇంకా పెద్ద చిక్కు ప్రహరీ గోడ అవతల ఉంది. మైదానం పైపులన్నీ సక్రమంగా ఉన్నాయనుకుందాం. అవి కలిసేది ఊరి వరద కాలువలో. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లో పట్టణ వరదల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, మన నగరాల్లో వరద కాలువలను గతంలో గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకు సరిపడేలా కట్టారని రాసింది. లోపల 180, బయట 20. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరో ఒకరు చేసి తీరాలి. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడుతున్నప్పుడు నాలా ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. మైదానం పైపు మూతి అందులో మునిగి ఉంటుంది. అప్పుడు పైపులోంచి నీళ్లు బయటికి పోవు సరికదా, నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టకపోతే నాలా నీరే మురుగుతో సహా వెనక్కి తన్ని కంకరలోకి వస్తుంది. కాబట్టి వానను ఎంత వేగంగా బయటికి పంపాలా అన్న ఆలోచనే మనకు పనికిరాదు. వాన గట్టిగా పడే ఆ గంటా రెండు గంటలూ నీటిని లోపలే ఆపుకోగలగాలి.

మన పూర్వీకులకు ఈ సంగతి బాగా తెలుసు. కాకతీయుల కాలం నుంచీ తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు పనిచేసింది ఈ సూత్రం మీదే. నీళ్లు నిలిపే గర్భం, లెక్క ప్రకారం వదిలే తూము, గర్భం నిండాక మిగులు నీరు కట్టను తెంచకుండా పోయేందుకు అలుగు. మంచి టర్ఫ్ మైదానానికి కావలసినవి సరిగ్గా ఈ మూడే. కంకర పొర గర్భం. బయటికి పోయే పైపు మూతిని కావాలని చిన్నది చేస్తే అది తూము. ఒక అంచున, తివాచీ మట్టానికి కొంచెం కింద, మిగులు నీటికి వేరే దారి ఇస్తే అది అలుగు. శుభ్రమైన కంకరలో వందకు 40 వంతులు ఖాళీయే. 15 సెంటీమీటర్ల మందం కంకర 60 మిల్లీమీటర్ల వానను తనలో దాచుకోగలదు. ఫుట్‌బాల్ మైదానమంతా లెక్కేస్తే అది నాలుగు లక్షల 28 వేల లీటర్లు. ఇప్పుడు క్లౌడ్‌బరస్ట్‌కు సరిపడేలా కడదాం. గంటలో 100 మిల్లీమీటర్లు కురుస్తుంది. తూము గంటకు పది మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే వదులుతుంది, అంటే సెకనుకు ఇరవై లీటర్లు. ఊరి కాలువ భరించగలిగేది అంతే. మిగిలిన 90 మిల్లీమీటర్లు కంకరలో ఉండాలి. దానికి కావలసిన మందం 225 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిది అంగుళాలు. వాన వెలిశాక తొమ్మిది గంటల్లో ఆ గర్భం ఖాళీ అవుతుంది. మామూలుగా వేసే ఆరంగుళాల కంకరకు మరో మూడంగుళాలు కలిపితే, తివాచీ మీదికి నీరు రాకుండా, వీధిలోకి ఉధృతంగా పోకుండా క్లౌడ్‌బరస్ట్‌ను మోయవచ్చు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల దాకా కురిసింది. ఆ వాన రోజంతా సమంగా పడి, తూము ఆగకుండా పనిచేసి ఉంటే, 24 గంటల్లో 24 సెంటీమీటర్లు బయటికి పోయి మిగిలిన ఎనిమిది సెంటీమీటర్లు ఇదే తొమ్మిదంగుళాల్లో ఇమిడేవి. నిజం వాన సమంగా పడదు, నాలా ఎప్పుడూ ఖాళీగా ఉండదు. అలుగు పెట్టేది ఆ తేడా కోసమే.

అయితే ఈ లెక్కంతా ఒక మాట మీద నిలబడి ఉంది: కంకర శుభ్రంగా ఉండాలి. మన దగ్గర పని చెడేది ఎక్కువగా ఇక్కడే. టర్ఫ్ కింద బేస్ వేసేవాళ్లలో చాలామంది రోడ్డు పనులకు అలవాటుపడ్డవాళ్లు. రోడ్డుకు వేసే వెట్ మిక్స్ మెకాడమ్‌లో పెద్ద కంకర, చిన్న కంకర, క్రషర్ డస్ట్ లెక్క ప్రకారం కలిపి, తడిపి, రోలర్ తిప్పుతారు. ప్రతి సందులోకీ డస్ట్ దూరి ఖాళీ అన్నది లేకుండా బిగిసిపోవాలి. రోడ్డుకు అదే గొప్పతనం. మైదానానికి అదే శాపం. కంకరలో ఖాళీ వందకు 40 వంతులు ఉండాల్సింది ఆ పద్ధతిలో నామమాత్రానికి పడిపోతుంది, నీళ్లు దిగే వేగం వందల రెట్లు తగ్గుతుంది. పైకి చూస్తే మాత్రం నేల నున్నగా, అద్దంలా, కాలు పెడితే కదలకుండా కనబడుతుంది. యజమాని సంతోషిస్తాడు. కావలసింది దీనికి పూర్తిగా వేరు: కడిగిన 20 ఎంఎం కంకర, దాని మీద తివాచీకి చదునైన పరుపు కోసం సన్న చిప్స్. ఆ చిప్స్ కంకర సందుల్లోకి జారిపోకుండా వాటి సైజులు ఒకదానికొకటి సరిపడాలి. మృత్తికా యాంత్రిక శాస్త్రానికి ఆద్యుడైన కార్ల్ టెర్జాఘి పెట్టిన వడపోత నియమం ఇప్పటికీ ఇంజినీర్లకు అక్కడ ప్రమాణం. పని మొదలుపెట్టే రోజు సైటుకు వచ్చిన లారీలోంచి గుప్పెడు కంకర తీసి ఒక బకెట్ నీళ్లలో వేసి కలపండి. నీళ్లు బూడిదరంగు బురదగా మారితే ఆ లోడ్ తిప్పి పంపించాలి. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు.

ఇది ఊహాగానం కాదు, కట్టి చూసినవాళ్లు ఉన్నారు. న్యూయార్క్ నగరంలో చాలా ప్రాంతాల్లో మురుగు, వాన నీరు ఒకే పైపులో పోతాయి. గట్టి వాన పడితే ఆ పైపులు పొర్లి మురుగు నేరుగా నదుల్లో కలుస్తుంది. అక్కడ ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే సంస్థ నగర పర్యావరణ విభాగంతో కలిసి, తారు పరిచిన పాఠశాల ఆవరణలను ఆట స్థలాలుగా మారుస్తూ వచ్చింది. వాటిలో చాలావాటిలో మధ్యన టర్ఫ్ ఉంటుంది, దాని కింద వాన నీటిని పట్టి ఉంచే కంకర ఉంటుంది. మొదటి అంగుళం వానను కాలువలోకి పోకుండా ఆపడం ఆ నగరపు లక్ష్యం. అంగుళం అంటే మనకు తక్కువే అనిపిస్తుంది, కానీ వాళ్ల వానలకు అది సరిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పరిశోధకులు ఇంకో మెట్టు పైకి వెళ్లారు. కృత్రిమ పచ్చిక కింద నీటిని నిల్వ చేసి, తడి తనంతట తానే పైకి పాకి ఆవిరయ్యే ఏర్పాటు చేశారు. 2020 జూన్‌లో బాగా ఎండ కాసిన ఒక రోజు మామూలు టర్ఫ్ ఉపరితలం 62 డిగ్రీలు దాటితే, ఇది 37 డిగ్రీల దగ్గర ఉంది. పక్కనున్న అసలు గడ్డికి దీనికి తేడా రెండు డిగ్రీల లోపే. మే నెలలో మధ్యాహ్నం పూట టర్ఫ్ మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేని మన ఊళ్లలో, వాన నీటిని వదిలించుకోవాల్సిన పీడగా కాకుండా దాచుకోవాల్సిన సరుకుగా చూడటానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది ఖర్చు. అదనపు కంకర, కడిగిన సరుకు, పైపులు, వాల్వ్, ఇవన్నీ డబ్బే. లీజు ఐదేళ్లది, నేల సొంతం కానప్పుడు భూమిలో ఎందుకు పూడ్చాలని బాక్స్ క్రికెట్ నడిపేవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ తివాచీ ఆయుష్షు ఎనిమిది నుంచి పదేళ్లు. అడుగున సరిగా వేసిన కంకర రెండు మూడు తివాచీలను చూస్తుంది. అడుగు చెడిందంటే బాగుచేయడానికి తివాచీ మొత్తం లేపాలి, లేపిన తివాచీ మళ్లీ మునుపటిలా అతకదు. చిన్న స్థలంలో ఐదేళ్ల లీజు మీద నడిపేవాళ్లకు తొమ్మిదంగుళాల కంకర బరువనిపిస్తే, వాలు వైపు ఒక మూల ట్యాంకు కట్టి పైనీటిని అందులోకి పట్టినా పని జరుగుతుంది. 28 వేల లీటర్లకు కావలసింది 28 ఘనపు మీటర్ల చోటు, అంతే. ప్రభుత్వ పాఠశాలలు, యూనివర్సిటీలు, మున్సిపాలిటీలు కట్టే మైదానాలకు మాత్రం ఈ సాకు చెల్లదు. నేల వాళ్లదే, కాలువ వాళ్లదే, పొర్లితే మునిగే వీధి కూడా వాళ్లదే. రెండో అభ్యంతరం, ఇలాంటి వాన ఏడాదికి రెండు మూడు రోజులే కదా, ఆ రోజు ఆట మానేస్తే సరిపోదా అని. ఆట మానేస్తే సరిపోతుంది, నిజమే. నీళ్లు మాత్రం ఆగవు. కింద నానిన నేల మెత్తబడి ఎగుడుదిగుడుగా కుంగుతుంది. పైన తేలిన రబ్బరు గుళికలు నాలాలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతాయి. కావాలని కలిపే మైక్రోప్లాస్టిక్స్ మీద యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధనల్లో ఈ గుళికల అమ్మకాన్ని 2031 నాటికి ఆపాలని నిర్ణయించిందంటే, వాటి మీద అక్కడ ఎంత ఆందోళన ఉందో చూడండి.

అసలైన అభ్యంతరం నేల నుంచి వస్తుంది. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో విస్తారంగా ఉన్న నల్లరేగడిలో మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంటుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిచ్చి కుంచించుకుపోతుంది. దాని మీద నీటి గర్భం పెడితే మైదానం ఏడాది తిరక్కుండా అలలు అలలుగా తయారవుతుంది. నీళ్లు నేలలోకి ఇంకించండి అని అందరికీ ఒకే సలహా ఇవ్వడం ఇక్కడ ప్రమాదకరం. రేగడి నేలలో పై పొర తీసి మొరంతో నింపి, దాని మీద నీరు దిగని జియోమెంబ్రేన్ షీటు పరిచి, గర్భంలోని నీటిని పూర్తిగా తూము ద్వారానే పంపాలి. ఇంకుడు ఆశ వదులుకోవాలి, నిల్వ మాత్రం ఉంటుంది. కృష్ణా డెల్టాలో ఇంకో ఇబ్బంది. భూగర్భ జలం చాలా పైనే ఉంటుంది, గర్భం తవ్వితే వాన రాకముందే అది నిండవచ్చు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు ఏ మైదానం కింద ఎంత కంకర ఉన్నా ఉపయోగం ఉండేది కాదు. ఈ పద్ధతి ఆకాశం నుంచి తన మీద పడిన వానకు జవాబు చెబుతుంది, ఊరి మీదికి వచ్చిన ఏటి వరదకు కాదు. హైదరాబాద్ చుట్టూ ఎర్రనేల, దాని కింద గ్రానైట్ రాయి ఉన్న చోట అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. పై నేల కొంత ఇంకిస్తుంది, రాయి దాకా చేరిన నీరు పక్కకు మళ్లుతుంది కాబట్టి మిగిలింది తూముకు వదలాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం వాన నీటి సంరక్షణకు చోటిచ్చింది. ఇంకుడు గుంత తవ్వమని ఇంటి యజమానిని అడిగే అధికారులు, టర్ఫ్ మైదానాన్నీ అదే కళ్లతో చూడాలన్నది నా అభిప్రాయం.

నీటిని నేలలోకి ఇంకిస్తే టైరు రబ్బరులోని రసాయనాలు కూడా దిగవా అన్నది చదువుకున్నవాళ్లు వేసే ప్రశ్న, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. టైరు రబ్బరులోంచి జింక్ నీళ్లలోకి కరుగుతుందన్నది తెలిసిన సంగతే. కాబట్టి నీళ్లు ఇంకించాలనుకుంటే రబ్బరు గుళికలు వేయకూడదు. ఇసుకతోనే, లేదా ఇసుక మీద కొబ్బరి పీచు, బెండు లాంటివాటితో ఆడదగ్గ మైదానం చేయవచ్చు. మన బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు చాలావరకు ఇసుకతోనే నడుస్తున్నాయి. రబ్బరు తప్పనిసరి అనుకున్న చోట నీటిని ఇంకించకుండా షీటు మీద పట్టి, బయటికి పోయే దారిలో గుళికలు ఆపే జాలీ పెట్టాలి. దోమల భయం ఇంకొకటి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వేడిలో కూడా వారం దాకా పడుతుంది. తొమ్మిది గంటల్లో ఖాళీ అయ్యే గర్భంలో దానికి ఆ సమయం దొరకదు. దొరికిందంటే తూము మూసుకుపోయిందని అర్థం.

ఇంత చేసే బదులు మట్టి నేలను మట్టి నేలగానే ఉంచితే పోలేదా అని అడిగేవాళ్లతో నాకు చాలావరకు ఏకీభావమే. పిల్లలు రోజుకు రెండు గంటలు ఆడుకునే పల్లె బడి మైదానానికి ప్లాస్టిక్ తివాచీ అక్కర్లేదు. అయితే మట్టి మైదానం వాననంతా తాగేస్తుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. ఏళ్ల తరబడి కాళ్లతో తొక్కి, రోలర్ తిప్పి గట్టిపడ్డ నేల కాంక్రీటుకు పెద్దగా తీసిపోదు. వాన పడితే పై అంగుళం బురదవుతుంది, కింద పొడిగానే ఉంటుంది. రోజంతా జట్లు మారుతూ రాత్రి పన్నెండు దాకా ఆడే నగరపు స్థలంలో గడ్డి బతకదు. అలాంటి చోట టర్ఫ్ వేయక తప్పదు. వేసేటప్పుడు ఆ స్థలం అంతకు ముందు వీధికి ఎంత నీరు వదిలేదో, కట్టాక అంతకన్నా ఎక్కువ వదలకూడదన్న షరతు పెట్టడం న్యాయం.

ఇవన్నీ నేల కింద జరిగే పనులు కాబట్టి కట్టిన తరవాత చూసే వీలు ఉండదని, అందుకే కాంట్రాక్టరు మాట నమ్మక తప్పదని చాలామంది అనుకుంటారు. చూసే వీలు కల్పించుకోవడం చాలా తేలిక. కంకర వేసేటప్పుడే మైదానం అన్నిటికన్నా పల్లంగా ఉన్న మూల, కంచె పక్కన, నాలుగంగుళాల చిల్లుల పైపు ఒకటి నిలువుగా అడుగుదాకా దింపి పైన మూత పెట్టాలి. ఖర్చు కొన్ని వందల రూపాయలు. గట్టి వాన వెలిసిన గంటకు మూత తీసి, కొలత గీతలు గీసిన కర్ర ఒకటి దింపి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి ఒక పుస్తకంలో రాసుకోవాలి. మర్నాడు ఉదయం మళ్లీ చూడాలి. మొదటి ఏడాది అంకెలు మైదానం ఆరోగ్యంగా ఉన్నప్పటి లెక్క. మూడో ఏడాదో నాలుగో ఏడాదో అదే వానకు కర్ర మీద తడి ఎత్తు పెరుగుతూ, మర్నాటికి కూడా తగ్గకుండా ఉంటే, పైపు మూతి దగ్గర బురద చేరిందని, లేదా కంకరలోకి మట్టి దిగుతోందని తెలిసిపోతుంది. అప్పటికింకా తివాచీ మీద చుక్క నీరు నిలిచి ఉండదు, ఒక మనిషి ఒక పూట పనిచేసి మూతి దగ్గర పూడిక తీస్తే చాలావరకు సరిపోతుంది.